కాలేజీ నాటకానికి బయటి గురువు: బహుమతి తెచ్చే ఆయనా, పని నేర్పే ఆయనా?

తెలుగు పంతులమ్మ | సోమవారం, రాత్రి 9.10

విజయనగరం జిల్లాలో ఒక డిగ్రీ కళాశాలలో తెలుగు చెబుతాను. సాంస్కృతిక కమిటీ పని ఎవరూ తీసుకోకపోవడంతో నా నెత్తిన పడి ఇది మూడో ఏడు. యువజనోత్సవానికి ఇంకా 7 వారాలుంది. ఏకాంకికకు 30 నిమిషాలు, వేదిక మీద 9 మందికి మించకూడదు.

నిరుడు ఒక దర్శకుడిని పిలిచాం. నాటక పోటీలు పెట్టే పరిషత్తుల్లో పేరున్న మనిషే. అంతకుముందు చాలా చోట్ల ఆడించిన నాటికనే తెచ్చారు, నేపథ్య సంగీతం కూడా పెన్‌డ్రైవ్‌లో సిద్ధంగా ఉంది. సంభాషణలన్నీ తన గొంతుతో ఫోనులో రికార్డు చేసి, 'ఇలాగే చెప్పండి' అని పిల్లలకు పంపారు. మొత్తం నాలుగుసార్లు వచ్చారు. మాకు రెండో బహుమతి వచ్చింది. కప్పు ప్రిన్సిపాల్ గారి గదిలో ఉంది.

మార్చిలో కళాశాల వార్షికోత్సవానికి అదే పిల్లలను 10 నిమిషాల హాస్య నాటిక సొంతంగా చేయమన్నాను. వేదిక మీద ఎక్కడ నిలబడాలో ఒక్కరికీ తెలియలేదు. ఎదుటివాడు మాట్లాడుతుంటే చేతులు ఏం చేసుకోవాలో తెలియక జేబుల్లో పెట్టుకున్నారు. నాకు సిగ్గేసింది, వాళ్లను చూసి కాదు.

ఈ ఏడాది ఇంకొకాయన దొరికారు. దాదాపు 40 ఏళ్లుగా నాటకాలు వేస్తున్నారు. '6 వారాలు కావాలి. మొదటి వారం స్క్రిప్టు తెరవను. బహుమతి మాట ఇవ్వలేను' అన్నారు. ప్రిన్సిపాల్ గారు మాత్రం నిరుటి ఆయన్నే పిలవమంటున్నారు. మీరైతే ఏం చేస్తారు?

పరిషత్తు ప్రేక్షకుడు | సోమవారం, రాత్రి 9.48

అమ్మా, ప్రిన్సిపాల్ గారిని తప్పు పట్టకండి. కప్పు రాకపోతే వచ్చే ఏడాది నాటకానికి నిధులు రావు. ఆ డబ్బు క్రికెట్ కిట్‌కి వెళ్లిపోతుంది.

పైగా అనుకరించడం తప్పని ఎవరన్నారు? పద్యనాటకం మనకు అలాగే వచ్చింది. గురువు నోట రాగం, శిష్యుడి నోట అదే రాగం. పాండవోద్యోగం కృష్ణుడి పద్యాలు పుస్తకం చూసి నేర్చుకున్నవాడు ఎక్కడైనా ఉన్నాడా? పక్కవాడు పాడుతుంటే విని పట్టుకున్నవే అన్నీ. 19 ఏళ్ల పిల్లవాడు ముందు చప్పట్ల రుచి చూడాలి. సిద్ధాంతం తరువాత చూసుకోవచ్చు.

లోహితాస్యుడు | సోమవారం, రాత్రి 11.20

ప్రేక్షకుడు గారూ, అనుకరణ గురించి నాకు కాస్త తెలుసు. తరతరాలుగా నాటకమే వృత్తిగా బతికే సురభి కుటుంబంలో పుట్టాను. నా మొదటి వేషమే నా ఇక్కడి పేరు. పాము కరిచి పడిపోవడం, అమ్మ ఏడ్చి పద్యం పాడేదాకా కదలకుండా ఉండటం. నాకప్పుడు అయిదేళ్లు. ఒకసారి నిజంగానే నిద్రపోయాను.

మేమూ చూసే నేర్చుకున్నాం. కానీ మేము చూసింది ఒక నాటకాన్ని కాదు, వందల రాత్రులను. మాయాబజార్ ఆడిన ప్రతిసారీ ఎక్కడో ఏదో తేడా వస్తుంది. తాడు బిగుసుకుంటుంది, తెర సగంలో ఆగుతుంది, ఘటోత్కచుడి గద కాలి మీద పడుతుంది. అప్పుడు పెద్దవాళ్లు ఎలా సర్దుకున్నారో చూడటమే మా చదువు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైనప్పటి నుంచి మావాళ్లకు వేరే బడి లేదు.

ఫోనులో రికార్డు విని నేర్చుకున్న పిల్లవాడికి ఒక్క రాత్రే తెలుసు. అదీ ఏ పొరపాటూ జరగని రాత్రి.

ఇంకొక మాట. మా దగ్గర పిల్లలకు వేషం కంటే ముందు తెర ఇస్తారు. పక్కన నిలబడి తాడు పట్టుకోవాలి, హార్మోనియం ఆగిన చోట వదలాలి. తెర లాగేవాడికి నాటకం మొత్తం తెలియాలి, వేషగాడికి తన మాటలు తెలిస్తే చాలు. మీ కొత్తాయన మొదటి వారం స్క్రిప్టు తెరవనంటే భయపడకండి. పిల్లల చేత ఏం చేయిస్తున్నారో మాత్రం చూడండి.

మూడో గంట | మంగళవారం, ఉదయం 6.15

పగలు తపాలా శాఖలో ఉద్యోగం, రాత్రి నాటకం. 38 ఏళ్లు ఇలాగే గడిచాయి. ఇప్పుడు రెండో పనే మిగిలింది. వృత్తి కళాకారుడు అనే మాట నాకు సరిపోతుందో లేదో తెలియదు. సురభి వారిని పక్కన పెడితే తెలుగులో నాటకం మీదే బతికినవారు తక్కువ. అంత పెద్ద నటుడు బళ్ళారి రాఘవ గారు కూడా వకీలే కదా. ఏడెనిమిది కాలేజీలకు వెళ్లి పిల్లలతో పని చేశాను. అందులో రెండు చోట్ల నేను కూడా, పంతులమ్మ గారు చెప్పిన మొదటి ఆయన లాగే చేశాను. కప్పులు వచ్చాయి. ఆ పిల్లల్లో ఒక్కరు కూడా మళ్లీ నాటకం వైపు రాలేదు.

మూడో కాలేజీలో ఒక సంగతి తెలిసింది, అది మీకు పనికొస్తుందేమో.

తెలుగు వాక్యంలో అసలు విషయమంతా తోకలో ఉంటుంది. ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, చేశారా లేదా, అన్నీ క్రియ చివరి ఒకటి రెండు అక్షరాల్లోనే. మన పిల్లలు వాక్యం మొదట్లోనే ఊపిరంతా ఖర్చు పెట్టి, చివరికి వచ్చేసరికి అక్షరం మింగేస్తారు. ఇంట్లో అయితే ఫరవాలేదు, అమ్మకు అర్థమవుతుంది. హాలులో ఇరవయ్యో వరుసకు అర్థం కాదు.

ఆ నాటికలో ఒక కొడుకు కోర్టులో 'మా నాన్న పొలం అమ్మడు' అనాలి. కథంతా ఆ మాట మీదే నడుస్తుంది. నేను ఒక అమ్మాయిని ఆఖరి వరుసలో కూర్చోబెట్టి, చేతికి నోటుపుస్తకం ఇచ్చి, వినబడిన చివరి మాట మాత్రమే రాయమన్నాను. మైకు కట్టేయించాను. అబ్బాయి గట్టిగానే చెప్పాడు. ఆ అమ్మాయి పుస్తకంలో 'అమ్మాడు' అని ఉంది. ఒక్క దీర్ఘంతో పొలం పోయింది! అందరూ నవ్వారు, ఆ అబ్బాయి నవ్వలేదు. మరునాడు వాడే ముందు వచ్చి ఆఖరి వరుసలో కూర్చుని మిగతావాళ్ల చివరి మాటలు రాశాడు. వారం రోజులు వంతులవారీగా అదే ఆట ఆడాం. గొంతు పెంచమని నేను ఒక్కసారి కూడా చెప్పలేదు.

గొంతు పెంచితే ఏమవుతుందో మనకు తెలుసు. పరిషత్తు గొంతు వస్తుంది. ప్రతి వాక్యం తీర్పు చదివినట్టు ఉంటుంది.

పరిషత్తు ప్రేక్షకుడు | మంగళవారం, ఉదయం 8.02

పరిషత్తు గొంతు అని వెక్కిరించడం ఈమధ్య ఫ్యాషన్ అయింది. ఆ గొంతు ఎందుకు వచ్చిందో కూడా రాయండి మూడో గంట గారూ. వేదిక ముందు అంచున మూడు మైకులు, వెనక జనరేటర్ మోత, పక్కన మిరపకాయ బజ్జీల బండి. మీరైనా అక్కడ గుసగుసగా చెప్పి చూడండి.

'అమ్మడు, అమ్మాడు' మాత్రం బాగుంది. ఒప్పుకుంటాను.

వెనక బెంచి | మంగళవారం, మధ్యాహ్నం 1.35

నేను ఇలాంటి గురువు దగ్గర చేసిన విద్యార్థిని. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం. రెండు అనుభవాలు ఉన్నాయి, ఒకటి చేదు.

మాది పాలమూరు వైపు. డిగ్రీలో మాకు వచ్చిన దర్శకుడు మొదటి రోజే నా మాట విని 'ఈ యాసతో నాటకమా' అన్నారు. నెల రోజులు 'పోయిండు'ని 'వెళ్లాడు'గా మార్చడమే నా అభ్యాసం. నా పాత్ర ఎవరో తెలుసా? పాలమూరు నుంచి వలస వెళ్లిన తాపీ మేస్త్రీ. రంగు పూసుకుని నిలబడ్డాను, నాలుక నాది కాదు. ప్రదర్శనకు మా నాన్న వచ్చారు. అయిపోయాక 'బాగ చేసినవు గని అది ఎవరి మాట బిడ్డా' అన్నారు.

పీజీలో ఇంకొకాయన వచ్చారు. ఆయన మమ్మల్ని అడ్డా మీదికి తీసుకెళ్లారు. పొద్దున్నే 6 గంటలకు కూలీలు నిలబడే చోటుకు. మూడు రోజులు నిలబడి ఊరికే వినమన్నారు. కాగితం, ఫోను బయటికి తీయకూడదు. తిరిగొచ్చాక ఎవరు ఎలా నిలబడ్డారో చేసి చూపమన్నారు. పని దొరకనివాడు వెంటనే ఇంటికి వెళ్లడు, టిఫిన్ డబ్బా ఇటు నుంచి అటు మార్చుకుంటూ ఇంకో గంట ఉంటాడు. ఆ డబ్బా సంగతి నేనే పట్టుకున్నాను. నాటకంలో అది ఉంది. ఒక్క మాట లేకుండా దాదాపు ఒక నిమిషం.

పరిషత్తు ప్రేక్షకుడు | మంగళవారం, మధ్యాహ్నం 2.10

ప్రామాణిక భాష రానివాడు రేపు రాజు వేషం ఎలా వేస్తాడు?

వెనక బెంచి | మంగళవారం, మధ్యాహ్నం 2.14

రాజు వేషానికి రాజు భాష నేర్పించండి, కాదనను. మేస్త్రీకి కూడా రాజు భాష పెట్టారనేదే నా గొడవ.

లోహితాస్యుడు | మంగళవారం, మధ్యాహ్నం 2.40

కన్యాశుల్కం 1892లో విజయనగరంలో ఆడినప్పుడే ఈ గొడవ మొదలైంది. గిరీశం మాట వేరు, మధురవాణి మాట వేరు, అగ్నిహోత్రావధాన్లు మాట వేరు. పంతులమ్మ గారి ఊరి పక్కనే తేలిన సంగతిని మళ్లీ ఇక్కడ తేల్చనక్కర్లేదు.

తెలుగు పంతులమ్మ | మంగళవారం, రాత్రి 10.05

అందరికీ నమస్కారం. ప్రిన్సిపాల్ గారితో మాట్లాడాను. కొత్తాయనకే ఒప్పుకున్నారు, 'బాధ్యత మీదే మేడమ్' అంటూ.

ఇప్పుడు అసలు చిక్కు. 9 మందిలో నలుగురు అమ్మాయిలు. ఇద్దరు పల్లెటూళ్ల నుంచి వస్తారు, చివరి బస్సు సాయంత్రం 6.20కి. రిహార్సల్ 5 గంటలకు మొదలైతే ఏం లాభం? ఒక అమ్మాయి తండ్రి వచ్చి 'నాటకమా, మగవాళ్లతోనా' అని అడిగి వెళ్లారు. గురువు గారికి ఎంత ఇవ్వాలో కూడా తెలియదు. మా దగ్గర శాలువా, జ్ఞాపిక కొనే పద్దు ఉంది గానీ పారితోషికం అనే పద్దు లేదు.

నాలుగు వేషాలు | మంగళవారం, రాత్రి 11.30

ఈ ప్రశ్నకు నేనే రావాలి. గుంటూరు వైపు నుంచి. 22 ఏళ్లుగా పరిషత్తు నాటకాల్లో వేస్తున్నాను, ఇదే నా జీవనం. ఒకే పరిషత్తులో మూడు నాటక సమాజాలకు వేసిన రోజులున్నాయి. సాయంత్రం అత్త, రాత్రి 9కి కూతురు, 11కి న్యాయమూర్తి. చీర మార్చుకుంటూ మాటలు మార్చుకుంటాం.

ముందు డబ్బు. మా ఇంట్లో బీరువా నిండా శాలువాలు ఉన్నాయి, కిరాణా కొట్టు ఆయన మాత్రం శాలువా తీసుకోడు. పంతులమ్మా, ఆ పద్దు పేరు మార్చండి. రానుపోను ఖర్చు, రోజుకు ఇంత అని కాగితం మీద రాసి, మొదటి రోజే ఆయన చేతికివ్వండి. అడగడానికి మాకు మొహమాటం, ఇవ్వడానికి మీకు గుర్తుండదు. ఒక కాలేజీలో 15 రోజులు నేర్పించి చివరికి సొంత డబ్బుతో బస్సెక్కి వచ్చాను. వేదిక మీద మాత్రం నన్ను సరస్వతీ పుత్రిక అన్నారు.

ఇక అమ్మాయిలు. రిహార్సల్ ఉదయం 7 నుంచి 9 దాకా పెట్టండి, తరగతులకు ముందు. గొంతు కూడా ఉదయమే తాజాగా ఉంటుంది. గది తలుపు తెరిచే ఉండాలి. మీరు గానీ ఇంకో అధ్యాపకురాలు గానీ అక్కడే కూర్చోవాలి, కూరగాయలు తరుక్కున్నా సరే. నటనలో చెయ్యి పట్టుకోవడం, తోసెయ్యడం ఉంటాయి. గురువైనా, తోటి నటుడైనా 'ఇక్కడ భుజం పట్టుకుంటాను' అని ముందు చెప్పి పట్టుకోవాలి. ఇది బిడియం కోసం పెట్టిన నియమం కాదు, పనిలో భాగం. ఎక్కడ పట్టుకుంటారో తెలిసిన నటి ఉలిక్కిపడదు, ఉలిక్కిపడకపోతేనే దృశ్యం నిలబడుతుంది. నాకు 19 ఏళ్లప్పుడు ఇది ఎవరూ చెప్పలేదు. అందుకే ఒక దర్శకుడి సమాజానికి మళ్లీ వెళ్లలేదు.

ఆ తండ్రిని ఒక ఉదయం రిహార్సల్‌కు పిలవండి. వెనక కుర్చీ వేయండి. రాఘవ గారు స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలని పట్టుబట్టిన కాలంలోనే స్థానం నరసింహారావు గారు ఆడవేషాలతో ఆంధ్రదేశాన్ని ఊపేసి, తరువాత పద్మశ్రీ కూడా అందుకున్నారు. అంటే ఆడపిల్ల రాకపోయినా నాటకం ఆగదు, మగవాడే వేసేస్తాడు. నష్టం మనకే అని చెప్పండి ఆయనకు.

డిమ్మర్ | బుధవారం, ఉదయం 7.50

లైట్ల వాడిని. మా గురించి ఎవరూ అడగరు కనుక నేనే చెబుతున్నాను. పిల్లలను ప్రదర్శన రోజున మొదటిసారి వెలుతురులో నిలబెట్టకండి. పాత హాలోజన్ దీపాల కాలంలో చెంపకు వేడి తగిలితే వెలుతురులో ఉన్నట్టు, తగలకపోతే చీకట్లో ఉన్నట్టు. మా పెద్దలు నటులకు అదే నేర్పారు. ఇప్పుడు ఎల్‌ఈడీ దీపాలు, మొహానికి వేడి తెలియదు. పిల్లవాడు వెలుతురుకు అర అడుగు ఇవతల నిలబడి ఏడుస్తాడు, ఆ ఏడుపు ఎవరికీ కనబడదు. నేల మీద టేపు ముక్క అంటించండి, దాని మీదికి చూడకుండా నడవడం నేర్పించండి. కళ్లు మూసుకుని అడుగులు లెక్కపెట్టిస్తే మూడు రోజుల్లో వచ్చేస్తుంది.

హెగ్గోడు వెళ్లొచ్చినవాడు | బుధవారం, సాయంత్రం 6.30

కర్ణాటకలో శివమొగ్గ జిల్లా హెగ్గోడు అనే పల్లెలో నీనాసం అనే నాటక సంస్థ ఉంది. కె.వి. సుబ్బణ్ణ వాళ్లు 1949లో మొదలుపెట్టారు, 1980 నుంచి శిక్షణ సంస్థ నడుస్తోంది. 1985 నుంచి వాళ్ల తిరుగాట బృందం ఊరూరా నాటకాలు ఆడుతోంది. వక్కతోటల మధ్య ఉన్న ఊళ్లో అంతర్జాతీయ నాటకాలు చూసే జనం తయారయ్యారు. మనకు అలాంటిది ఎందుకు లేదు?

పరిషత్తు ప్రేక్షకుడు | బుధవారం, సాయంత్రం 7.15

లేదని ఎవరన్నారు? 1940లలో ఆంధ్ర విశ్వవిద్యాలయం రిజిస్ట్రారు కూర్మా వేణుగోపాలస్వామి గారు కళాశాలల మధ్య నాటిక పోటీలు పెట్టించారు, విశాఖలో ఆరుబయలు రంగస్థలం కట్టించారు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో, తెలుగు విశ్వవిద్యాలయంలో రంగస్థల శాఖలు ఉన్నాయి. లేనిది సంస్థ కాదు. డిగ్రీ కాలేజీ నుంచి అక్కడిదాకా వెళ్లే దారి లేదు. ఆ దారిలో నిలబడాల్సింది మూడో గంట గారి లాంటివాళ్లే, వాళ్లకేమో బస్సు ఛార్జీ కూడా ఇవ్వం.

(నేను మూడో గంట గారి పక్షాన మాట్లాడుతున్నానని ఎవరూ గమనించవద్దు.)

లోహితాస్యుడు | బుధవారం, రాత్రి 8.00

గమనించాం.

ఒక్కటి కలుపుతాను. 1990లలో బి.వి. కారంత్ గారు మావాళ్ల దగ్గరికి వచ్చి భీష్మ, చండీప్రియ, బస్తీ దేవత యాదమ్మ చేయించారు. జాతీయ నాటక పాఠశాలకు డైరెక్టరుగా చేసిన మనిషి. ఆ మూడింటిలో చివరిది జర్మన్ రచయిత బ్రెహ్ట్ నాటకం ఆధారంగా. మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. రంగు తెరలు, తాళ్ల కిటుకులు తెలిసిన మావాళ్లకు ఖాళీ వేదిక మీద ఎలా నిలబడాలో తెలిసింది. నేర్పడానికి వచ్చే మనిషి, ఎదుటివారికి అప్పటికే వచ్చినదాన్ని చెరిపెయ్యకూడదని నాకు అక్కడే అర్థమైంది. మీ పిల్లలకు కూడా ఏదో ఒకటి వచ్చే ఉంటుంది. మీ వైపు జానపద కళ తప్పెటగుళ్లు ఆడే ఇంటివాళ్లు ఉన్నారేమో కనుక్కోండి.

తెలుగు పంతులమ్మ | ఏడు వారాల తరువాత, ఆదివారం, రాత్రి 9.20

అడిగినవారందరికీ, ఇన్నాళ్లూ రాయలేదు, క్షమించండి.

బహుమతి రాలేదు. 30 నిమిషాలు దాటి ఇంకో రెండు నిమిషాలు ఆడాం, మార్కులు కోసేశారు. గురువు గారు స్క్రిప్టును పిల్లల చేతే కోయించారు. ఒక దృశ్యం తీసేయాలని అందరికీ తెలుసు, కానీ అది తప్పెటగుళ్ల దృశ్యం, తీయడానికి ఎవరికీ మనసొప్పలేదు. లోహితాస్యుడు గారూ, ఆ పాపం కొంత మీది. నిజంగానే ఒక అబ్బాయి తాతగారు ఆడేవారట. గుండె మీద రేకు కట్టుకుని ఆ అబ్బాయి గెంతుతుంటే న్యాయనిర్ణేతల్లో ఒకరు పెన్ను కింద పెట్టేశారు. మరొకరు మాత్రం గడియారం చూసుకున్నారు.

ఆ తండ్రి వచ్చారు. మొదటి రోజు అరగంట, రెండో రోజు రెండు గంటలు. మూడో రోజు టేపు ముక్కలు ఆయనే అంటించారు.

పారితోషికం కాగితం మీద రాసే ఇచ్చాం. గురువు గారు దాన్ని రెండుసార్లు చదివి, మడిచి కళ్లజోడు పెట్టెలో పెట్టుకున్నారు.

ప్రిన్సిపాల్ గారు ఇంకా నాతో ముభావంగా ఉన్నారు. వచ్చే ఏడాది సంగతి తెలియదు.

పరిషత్తు ప్రేక్షకుడు | ఆదివారం, రాత్రి 9.41

చెప్పానా లేదా? రెండు నిమిషాలు! దర్శకుడు అనే మనిషి అక్కడ ఉన్నదే అందుకు. పిల్లలు కోయలేకపోతే ఆయన కోయాలి.

మూడో గంట | ఆదివారం, రాత్రి 10.30

ఈసారి ప్రేక్షకుడు గారిదే న్యాయం. పిల్లలకు స్వేచ్ఛ ఇవ్వడం వేరు, గడియారం కూడా వాళ్లకే వదిలెయ్యడం వేరు. నేనూ ఒకసారి అలాగే చేశాను. చివరి వారం కత్తెర గురువు చేతిలోనే ఉండాలి. ఆయన్ను కలిస్తే నా మాటగా చెప్పండి పంతులమ్మా. నొచ్చుకుంటారు, ఫరవాలేదు.

పిల్లలు ఏమంటున్నారు?

తెలుగు పంతులమ్మ | ఆదివారం, రాత్రి 10.52

మొదటి రెండు రోజులు ఏడ్చారు. నిన్న ఆరుగురు వచ్చి ఆదివారాలు హాలు తాళం కావాలన్నారు. ఏం చేస్తారంటే, మార్చి వార్షికోత్సవానికి సొంత నాటిక అట. బస్సు ఆలస్యమయ్యే ఊరి కథ. రాసేది పల్లె నుంచి వచ్చే ఆ ఇద్దరు అమ్మాయిలే. నన్ను ఆఖరి వరుసలో కూర్చుని చివరి మాటలు రాయమన్నారు. ఇవాళ రాశాను. 14 మాటల్లో 5 తప్పు విన్నాను. తప్పు నా చెవులదని ఒకడు, వాడి నోటిదని ఇంకొకడు.

ఒక్క సహాయం కావాలి. మా హాలులో ఉన్నది కరెంటు గంట, తరగతి అయిపోయినట్టే మోగుతుంది. వాళ్లకు ఇత్తడి గంట కావాలట, మూడుసార్లు కొట్టడానికి. ఎవరి దగ్గరైనా పాతది ఉందా?

నాలుగు వేషాలు | ఆదివారం, రాత్రి 11.05

నా దగ్గర ఉంది. నాలుక వదులుగా ఉంటుంది, గట్టిగా ఊపితే ఊడి వస్తుంది. తీగతో బిగించి పంపుతాను. పార్సెల్ ఖర్చు మీ కాలేజీదే. శాలువా వద్దు.